నీటి గుంతలో మోటారు పెట్టిందెవరు?

బీఎమ్‌డబ్ల్యూ సంస్థ 2002 నుంచి 2008 వరకు అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, స్పార్టన్‌బర్గ్ కర్మాగారంలో తయారుచేసిన మొదటి తరం జడ్4 ఇద్దరు మాత్రమే కూర్చునే విలాసపు కారు. విద్యుత్తుతో నడిచే కప్పు అమర్చిన వాటిలో మీట నొక్కితే చాలు, గుడ్డ పైకప్పు దానంతట అదే మడతపడి వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ పని చేసేది ఒక చిన్న డీసీ మోటారు. అది పంపును తిప్పుతుంది, పంపు నూనెను ఒత్తిడితో గొట్టాల్లోకి నెడుతుంది, ఆ ఒత్తిడికి కప్పు చట్రం కదులుతుంది. ఇందులో అంతుపట్టని శాస్త్రమేమీ లేదు. అంతుపట్టనిది ఆ మోటారుకు కేటాయించిన చోటు. కప్పు మీద పడిన వాన నీరు జారి చేరే గుంత ఒకటి కారు వెనుక భాగంలో ఉంటుంది. అక్కడి నుంచి సన్నని గొట్టం గుండా నీరు కిందికి పోవాలి. మోటారును తెచ్చి సరిగ్గా ఆ గుంత అడుగున, చప్పుడు వినిపించకుండా నురుగు తొడుగులో చుట్టి మరీ కూర్చోబెట్టారు. నాలుగు ఎండుటాకులు, కాస్త మట్టి చేరితే గొట్టం మూసుకుపోతుంది. గుంత నిండుతుంది. తొడుగు స్పంజిలా నీటిని పీల్చి మోటారును నానబెడుతుంది. ఒకనాడు యజమాని మీట నొక్కుతాడు, కప్పు కదలదు.

కారును కంపెనీ సేవాకేంద్రానికి తీసుకువెళితే చెప్పే మార్గం ఒక్కటే. మోటారు చేతికందాలంటే కప్పు మొత్తాన్ని కారు నుంచి విప్పాలి, పాత పంపును పారేసి కొత్తది బిగించాలి. ఆ ముక్క ధర, దాన్ని చేరుకోవడానికి పట్టే పనిగంటలు కలిస్తే వేల డాలర్ల బిల్లు. ఏళ్ళు గడిచిన ఆ కారు అమ్మితే వచ్చే ధరలో అది చిన్న వాటా కాదు.

బ్రిటన్‌లో, అమెరికాలో ఆ కార్లున్న మామూలు మనుషులు తమ ఇళ్ళ షెడ్లలో మరో మార్గం కనిపెట్టారు. కప్పును విప్పనక్కరలేదు. సామాను అర వైపు నుంచి లోపలి తొడుగులు తొలగించి, చెయ్యి దూర్చి, పంపును బయటికి లాగవచ్చు. మోటారును పంపు నుంచి వేరుచేసి విప్పితే కనిపించేది ఎర్రటి తుప్పునీరు, బిగుసుకుపోయిన బేరింగులు, గూళ్ళలో ఇరుక్కుపోయిన కార్బన్ బ్రష్‌లు. ఆరబెట్టి, తుప్పు గీకి, కమ్యుటేటర్‌ను సన్నటి ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, బేరింగులు మార్చి, బ్రష్‌లు స్ప్రింగుల మీద స్వేచ్ఛగా ఆడేలా సర్దితే చాలా సందర్భాల్లో చచ్చిందనుకున్న మోటారు మళ్ళీ తిరుగుతుంది. తెలివైనవాళ్ళు అక్కడితో ఆగలేదు. తీగలు, గొట్టాలు పొడిగించి మోటారును గుంతలో నుంచి తీసి సామాను అరలో, పొడి చోట బిగించుకున్నారు. ఆ కారును గీసిన ఇంజనీర్లు ఇంతకంటే చదువుకున్నవారే. వారికి ఈ చోటు కనిపించలేదని నమ్మడం కష్టం.

పైకప్పు తెరుచుకునే కారు ఈ దేశపు రోడ్ల మీద అరుదు, అది సంపన్నుల ముచ్చట అని ఈ కథను పక్కన పెట్టవచ్చు. అలా పక్కన పెట్టేవారు ముందుగా 2014 ఆగస్టు 25 నాటి భారత పోటీ కమిషన్ ఉత్తర్వు చదవాలి. ఆ రోజు కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ జాబితాలో మారుతి, టాటా, మహీంద్రాలతో పాటు హోండా, టొయోటా, ఫోర్డ్, మెర్సిడెస్ ఉన్నాయి. బీఎమ్‌డబ్ల్యూ కూడా ఉంది. 2011లో ఒక సామాన్య కారు కొనుగోలుదారు మూడు కంపెనీల మీద పెట్టిన ఫిర్యాదు అది. తీగ లాగితే డొంకంతా కదిలింది. కంపెనీలు అసలు విడిభాగాలను బయటి మార్కెట్టులో దొరకనివ్వడం లేదని, లోపాలను గుర్తించే పరికరాలను, సాంకేతిక పుస్తకాలను స్వతంత్ర మెకానిక్కులకు అందనివ్వడం లేదని, ఆ అండతో విడిభాగాల ధరలను సగటున నూటికి నూరు శాతం పెంచి అమ్ముతున్నాయని కమిషన్ తేల్చింది.

ఆ ఉత్తర్వులో ఆలోచనాపరులు గమనించవలసిన సూత్రం ఒకటుంది. కారు కొనేటప్పుడు కొనుగోలుదారుకు పది కంపెనీల మధ్య ఎంపిక ఉంటుంది. కొన్న మరుక్షణం ఆ ఎంపిక అంతమవుతుంది. ఒక కంపెనీ కారుకు మరో కంపెనీ ముక్క సరిపోదు గనుక, తన కారు విడిభాగాల విపణిలో ప్రతి కంపెనీ ఏకచ్ఛత్రాధిపతి. అంటే షోరూములో కనిపించే పోటీ అంతా గుమ్మం దాకానే. గుమ్మం దాటిన తర్వాత పదేళ్ళపాటు కొనుగోలుదారు ఒకే ఏలిక కింద బతికే ప్రజ. విడిభాగాలను బహిరంగ విపణిలో అందుబాటులో ఉంచాలని, బయటి షెడ్డులో బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టరాదని కూడా కమిషన్ ఆదేశించింది.

తర్వాత జరిగినది ఈ దేశంలో నియంత్రణ అనే మాటకు ఉన్న బరువెంతో చెబుతుంది. కంపెనీలు కోర్టుల మెట్లెక్కాయి. 2016 డిసెంబరులో అప్పీళ్ళ ట్రిబ్యునల్ టొయోటా, ఫోర్డ్, నిస్సాన్‌ల తప్పును సమర్థిస్తూనే, జరిమానాను మొత్తం టర్నోవరు మీద కాక విడిభాగాల అమ్మకాల మీద లెక్కకట్టాలని తగ్గించింది. ఆ మూడింటిలో ఒకటైన ఫోర్డ్ 2021లో ఈ దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాని కారు కొన్నవారు ఆ రోజు ముందుగా అడిగిన ప్రశ్న, విడిభాగాల సంగతేమిటని. సరఫరా కొనసాగిస్తామని కంపెనీ మాట ఇచ్చింది. మాట ఇచ్చేది, నిలుపుకునేది, కాలపరిమితి నిర్ణయించేది కంపెనీయే అయినప్పుడు దాన్ని హక్కు అనరు, దయ అంటారు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదని అనడానికి వీల్లేదు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలను గుర్తించింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ అంటూ ఒక వెబ్‌సైట్ ప్రారంభించారు. కంపెనీలు అందులో తమ సేవాకేంద్రాల చిరునామాలు, వారంటీ షరతులు, విడిభాగాల వివరాలు ఉంచుతాయి. హక్కు అనే మాటను ఇంత చవగ్గా వాడుకున్న సందర్భాలు తక్కువ. పౌరుడికి హక్కు ఉన్నదంటే అవతలివాడికి విధి ఉన్నదని అర్థం, విధి తప్పితే శిక్ష ఉన్నదని అర్థం. ఏ ముక్కను ఎన్నేళ్ళపాటు, ఎంత ధరకు, ఎవరికి అమ్మాలో చెప్పే చట్టం లేనప్పుడు ఆ వెబ్‌సైట్ చిరునామాల పుస్తకానికి మించినది కాదు.

పాత వాహనాన్ని తుక్కు చేయడానికి మాత్రం రాజ్యానికి కావలసినంత ఉత్సాహం ఉంది. 2021 ఆగస్టులో తుక్కు విధానాన్ని ప్రధానమంత్రే స్వయంగా ప్రారంభించారు. దిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండి, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి తిరగరాదన్న నిషేధం 2015 నాటి హరిత ట్రిబ్యునల్ ఆదేశంతో మొదలై, 2018లో సుప్రీంకోర్టు ముద్రతో గట్టిపడింది. 2025 జులైలో అలాంటి బండ్లకు పెట్రోలు పోయవద్దని బంకులకు ఆదేశాలు వెళితే, రెండు మూడు రోజుల్లోనే జనం గగ్గోలుకు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ గగ్గోలులో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. శ్రద్ధగా బాగుచేయించుకుంటూ పొగ పరీక్షలో నెగ్గుతున్న బండికి, ఆయిల్ మార్చని ఐదేళ్ళ బండికి మధ్య తేడా చూడలేని చట్టం ఎవరి మేలు కోరి రాసింది? దిల్లీ గాలి విషమైన మాట నిజం. ఆ విషానికి బండి వయసును కొలమానం చేయడం సులువు, స్థితిని కొలవడం కష్టం. కొత్త బండి అమ్ముకునేవారికి ఆ సులువే లాభం.

నీరు దగ్గరికి తిరిగి వద్దాం. ఎందుకంటే ఈ మొత్తం వ్యాపారంలో నీటికి ఒక ప్రత్యేక పాత్ర ఉంది, అది కంపెనీ తరఫు సాక్షి పాత్ర. మొబైలు ఫోను లోపల ఒక చిన్న తెల్ల చుక్క అతికించి ఉంటుంది. తడి తగిలితే అది ఎర్రబడుతుంది. ఎర్రబడితే వారంటీ లేదు. నీరు ఎలా చేరింది, రబ్బరు పట్టీ సరిగా ఉన్నదా, తయారీలో లోపమున్నదా అన్న విచారణ ఉండదు. ఒకవైపు నీటిని తట్టుకుంటుందని ప్రకటనల్లో ఫోనును నీళ్ళలో ముంచి చూపిస్తారు, మరోవైపు నీరు తగిలితే బాధ్యత లేదని సన్న అక్షరాల్లో రాస్తారు. ఈ రెండు నాల్కల ధోరణికి 2020 నవంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. నీటి నిరోధకత గురించిన ప్రకటనలకే 2022లో ఆస్ట్రేలియా కోర్టు శామ్‌సంగ్ మీద 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు విధించింది. గుంతలో పెట్టిన మోటారు కథ, ఎర్రబడే చుక్క కథ ఒకటే. నీరు చేరే మార్గాన్ని రూపకర్త నిర్ణయిస్తాడు, నీరు చేరిన నేరాన్ని యజమాని మోస్తాడు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు ఈ సూత్రం వేల ఇళ్ళ ముందు నిలబడింది. ఆటోలు, స్కూటర్లు, కార్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, నీటి మోటార్లు అన్నీ ఒకేసారి మునిగాయి. సాధారణ వాహన బీమా వరదను ఒప్పుకుంటుంది గానీ, మునిగిన బండిని స్టార్టు చేయబోతే నీరు లోపలికి పోయి ఇంజను దెబ్బతిన్నదంటే, అది వరద నష్టం కాదు, దాని పర్యవసానం అంటుంది. దానికి వేరే ప్రీమియంతో వేరే రక్షణ కొని ఉండాలి. నీళ్ళు తీసిన మర్నాడు ఉపాధి కోసం ఆటో తాళం తిప్పిన మనిషికి ఈ తేడా ఎవరు బోధించారు? అలాంటి వేళ ఆదుకోగలిగేది షెడ్డులోని మెకానిక్. దేశంలోని పెద్ద వాహన మరమ్మతు కేంద్రాల్లో ఒకటైన ఆటోనగర్ ఆ ఊళ్ళోనే ఉంది. పాత క్యార్బురేటర్ బండి అయితే ఆ మెకానిక్ ఒక పూటలో విప్పి, ఆరబెట్టి, నూనె మార్చి తిప్పి ఇస్తాడు. కొత్త బండిలో కంట్రోల్ యూనిట్ తడిస్తే, దాన్ని మార్చినా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ కొత్త ముక్కను గుర్తించేదాకా బండి కదలదు. ఆ గుర్తింపు ఇచ్చే పరికరం అతనికి అమ్మరు. అతని చేతి నైపుణ్యం ఏమీ తగ్గలేదు, దాని ముందు తలుపు మూశారు.

ఈ తలుపు మూయడంలోని అన్యాయం తెలుగు పల్లెలో ఎవరికైనా ఒక్క మాటలో అర్థమవుతుంది. వోల్టేజీ హెచ్చుతగ్గులకు వ్యవసాయ మోటారు కాలిపోవడం అక్కడ ఏటా చూసేదే. రైతు దాన్ని బండి మీద వేసుకుని మండల కేంద్రంలోని వైండింగ్ షాపుకు తెస్తాడు. మెకానిక్ కాలిన రాగి తీగ కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, బేరింగులు, బుష్‌లు మార్చి తిరిగి ఇస్తాడు. పంట ఎండకముందే నీళ్ళు పారతాయి. ఆ మెకానిక్ ఏ కంపెనీ అధీకృతుడు కాడు. మోటారు విప్పేందుకు అతను ఎవరి అనుమతీ అడగలేదు. తీగ బజారులో తూకానికి దొరుకుతుంది, చుట్ల లెక్క మోటారులోనే ఉంది, బేరింగు మీద నంబరు చెక్కి ఉంది. తెలుగునాట సేద్యం గత యాభై ఏళ్ళుగా బోరుబావుల మీద నిలబడిందంటే, ఆ మోటార్లు విప్పదగినవిగా తయారవడం కూడా ఒక కారణం. జడ్4 కప్పు మోటారు లోపల ఉన్నది ఇంతకంటే సులువైన యంత్రం. అదే మెకానిక్ చేతికి ఇస్తే టీ చల్లారేలోగా బ్రష్‌లు శుభ్రం చేస్తాడు. ఒకటి చేతికందేలా ఉంది, మరొకటి అందకుండా ఉంది, అంతే తేడా.

దక్షిణాసియా అంతటా ఈ చేతులున్నాయి. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో, దిల్లీ కశ్మీరీ గేట్‌లో, ఢాకా ధోలైఖాల్‌లో, లాహోర్ బిలాల్ గంజ్‌లో దొరకని ముక్క ఉండదని, దొరకకపోతే చేసిస్తారని పేరు. సరిహద్దుల మీద ఎన్ని తుపాకులు గురిపెట్టుకున్నా, పాత సుజుకీ బండిని బతికించే విద్యలో ఈ దేశాలన్నీ ఒకే గురుకులం. ఆ బజార్లలో దొంగ బండ్ల ముక్కలు, నకిలీ సరుకు కూడా దొరుకుతాయి, ఆ మాట దాచనక్కరలేదు. అసలు ముక్కను ధర్మమైన ధరకు బయట అమ్మనప్పుడు నకిలీకి గిరాకీ పెరగకుండా ఎలా ఉంటుంది? నకిలీని చూపించి అసలును దాచుకోవడం, దాచుకున్నందుకు పుట్టిన నకిలీని మళ్ళీ సాకుగా చూపడం, ఈ వలయంలో కంపెనీలకు నష్టమెక్కడా లేదు.

కంపెనీలు ఎప్పుడూ ముందుకు తెచ్చే వాదన భద్రత. అందులో కొంత నిజముంది, దాన్ని తోసిపుచ్చేవారు ఉద్యమానికే చేటు చేస్తారు. విద్యుత్ కారు బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. ఎయిర్‌బ్యాగును తెలియని చేతులు విప్పితే ప్రాణం మీదికి వస్తుంది. వాటికి శిక్షణ, లైసెన్సు అడగడం న్యాయమే. కానీ శిక్షణ ఇవ్వండి, పరీక్ష పెట్టండి, నెగ్గినవాడికి పరికరాలు అమ్మండి అంటే అదే కంపెనీలు మౌనం వహిస్తాయి. కప్పు మోటారు, కిటికీ మోటారు, తలుపు తాళం, వైపరు, వీటిలో ఏ భద్రతా రహస్యం దాగి ఉంది? ఇంటి వాకిట్లో విప్పుకున్నవారు సైతం బ్యాటరీ తీగ తీసి, కప్పు మీద పడకుండా ఊతం పెట్టి, అప్పుడే చెయ్యి పెట్టారు. పుస్తకం ఇస్తే మనిషి జాగ్రత్త నేర్చుకుంటాడు. పుస్తకం దాచి, మనిషికి జాగ్రత్త తెలియదని నింద వేయడం పాత కాలపు పెత్తనానికి అలవాటైన తర్కమే. ఈ దేశంలో చదువు ఎవరికి దక్కకూడదో నిర్ణయించినవారు కూడా అపాయాన్నే సాకుగా చూపారు.

ఇతర దేశాల్లో ఈ పని దానంతట అదే జరగలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లో వాహన మరమ్మతు హక్కుకు ఓటు వేశారు. కంపెనీలు కారు సమాచారాన్ని తీగ లేకుండా తమ సర్వర్లకు మళ్ళించుకోవడం మొదలుపెట్టగానే, 2020లో మళ్ళీ ఓటు వేసి ఆ సందు మూయించారు. కంపెనీలు ఆ ఓటు మీద కోర్టుకు వెళ్ళాయి. కొలరాడో 2023లో ట్రాక్టర్ల కోసం చట్టం చేసింది. విడిభాగానికీ యంత్రానికీ మధ్య వేసే సాఫ్ట్‌వేర్ ముడిని 2024లో ఆరెగాన్ నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2024 జూన్‌లో మరమ్మతు ఆదేశం ఆమోదించి, సభ్యదేశాలకు 2026 జులై 31 గడువు పెట్టింది. వీటిలో ఏదీ పరిపూర్ణం కాదు, ఐరోపా ఆదేశపు జాబితాలో కార్లే లేవు. అయినా అవి చట్టాలు. వాటిని ఉల్లంఘించినవారిని కోర్టుకు ఈడ్చవచ్చు.

భారత పార్లమెంటు చేయవలసిన చట్టానికి కొత్త సిద్ధాంతాలేవీ అక్కరలేదు. పోటీ కమిషన్ 2014లో రాసిన ఆదేశాలనే చట్టంగా మారిస్తే సగం పని అవుతుంది. వాహనం అమ్మకం ఆగిన నాటి నుంచి నిర్ణీత సంవత్సరాలు విడిభాగాలు, లోపాలు గుర్తించే పరికరం, మరమ్మతు పుస్తకం ఎవరికైనా ప్రకటిత ధరకు అమ్మాలి. బయట బాగుచేయించుకున్న కారణంగా వారంటీ నిరాకరిస్తే, ఆ మరమ్మతు వల్లే లోపం వచ్చిందని రుజువు చేసే భారం కంపెనీ మీద ఉండాలి. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం బయటి ముక్క వాడారన్న సాకుతో వారంటీ రద్దు చేయడాన్ని ఎప్పుడో నిషేధించింది. ఇక నీటి విషయంలో ప్రత్యేకంగా ఒక నిబంధన కావాలి. వర్షపు నీరు సహజంగా చేరే చోట విద్యుత్ భాగాన్ని అమర్చి, అది తడిసి పాడైతే, దాన్ని యజమాని నిర్లక్ష్యంగా కాక రూపకల్పన లోపంగా లెక్కించాలి. ఏటా నాలుగు నెలలు వానలు కురిసే దేశంలో కారు తడవడం దుర్వినియోగం కిందికి రాదు.

ప్రభుత్వం ఇప్పుడు చేస్తున్నది వేరు. మరమ్మతు సూచికను రూపొందించడానికి 2024 సెప్టెంబరులో మరో కమిటీ వేసింది, 2025 మేలో ఆ నివేదిక వచ్చింది. ఫ్రాన్స్ 2021 నుంచి అమలు చేస్తున్న పద్ధతిలాంటిదే, వస్తువును ఎంత సులువుగా బాగుచేయవచ్చో చెప్పే మార్కులు. మంచిదే, కొనేముందు మార్కులు చూడవచ్చు. ఆ మార్కులు ఎవరికి వారు వేసుకుని ప్రకటించవలసింది తయారీ కంపెనీలే. అది మొదలయ్యేది మొబైళ్ళతో, ట్యాబ్లెట్లతో. 2022లో గుర్తించిన నాలుగు రంగాల్లో ట్రాక్టరు, కారు కూడా ఉన్నాయి. ఈ సూచికలో వాటికి చోటు లేదు.